పిల్లలకు కథలు కాని పుస్తకాలు అలవాటు చేయాలంటే: ఇంట్లో ఉన్న కాగితాల నుంచే మొదలుపెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: భీమవరం దగ్గర రొయ్యల చెరువులు, నాలుగో తరగతి చదివే తొమ్మిదేళ్ల బాబు, ఇంగ్లీషు మీడియం. కథ చెబితే చెవులప్పగించి వింటాడు. సైన్సు, చరిత్ర, జంతువుల పుస్తకాలు 3,000 రూపాయలు పెట్టి కొంటే మాత్రం బొమ్మలు చూసి పక్కన పడేస్తున్నాడు. స్కూల్లో ప్రాజెక్టు వర్కు ఇస్తే నెట్‌లో ఉన్నది మక్కీకి మక్కీ దించేస్తున్నాడు. ఇలాంటి పుస్తకాలు చదవడం, తన మాటల్లో రాయడం ఇంట్లో ఎలా నేర్పాలి?

నా జవాబు ముందే చెప్పేస్తానండి. కొత్త పుస్తకాలు కొనడం ఓ ఆరు నెలలు ఆపండి. మీ ఇంట్లో, మీ పనిలో ఇప్పటికే తిరుగుతున్న కాగితాల్లోంచి వాడికి ఒక ప్రశ్న పుట్టనివ్వండి. దాని జవాబు కోసం మీరూ వాడూ కలిసి చదవండి. దొరికిన జవాబును, అది నిజంగా అవసరమైన ఒక మనిషి కోసం వాడి చేత రాయించండి. ప్రశ్న లేకుండా చదవమనడం, చదివేవాళ్లు లేకుండా రాయమనడం, ఈ రెండూ మానేయండి. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

నేను కోనసీమ పల్లెల్లో శాఖా గ్రంథాలయాల్లో 27 ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం పూట పెద్దవాళ్లు పేపరు కోసం వచ్చేవారు, వాళ్ల వెనకాలే పిల్లలు వచ్చేవారు. ఎండాకాలం సెలవుల్లో శిబిరాలు పెట్టేవాళ్లం. ఏ పిల్లాడు ఏ పుస్తకం తీశాడు, ఎంతసేపు పట్టుకున్నాడు, ఎక్కడ వదిలేశాడు అని గమనించడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

అయినా మా అబ్బాయి విషయంలో మీలాగే చేశాను. వాడికి ఎనిమిదేళ్లప్పుడు రంగుల బొమ్మల విజ్ఞాన సర్వస్వం పది సంపుటాలు వాయిదాల మీద కొన్నాను. అద్దాల బీరువాలో పెట్టి, చేతులు కడుక్కుని తీయాలని చెప్పాను. వాడు పదో తరగతికి వచ్చినా ఆ పుస్తకాలు కొత్తవిగానే ఉన్నాయి. అదే మా నాన్నగారి గంటల పంచాంగాన్ని మాత్రం నలిగిపోయేలా తిరగేశాడు. గ్రహణం ఎన్ని గంటలకు పడుతుందో అందులో ముందే ఎలా రాసేశారు? అదీ వాడి ప్రశ్న. అప్పుడే ఖగోళం ఉన్న సంపుటం తీసి వాడి ఒళ్లో పెట్టి ఉండాల్సింది. నాకు తోచలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ప్రశ్న ఎలా పుడుతుందో ఒక సంగతి వివరంగా చెబుతాను.

ఓ ఏడాది దాళ్వా (ఎండాకాలానికి కోతకొచ్చే రెండో వరి పంట) నారుమళ్లప్పుడు, ఐదో తరగతి కుర్రాడొకడు లైబ్రరీకి వచ్చి "మేడమ్‌గారూ, మా నాన్న ఈసారి పత్తి వేస్తున్నాడా?" అని అడిగాడు. నీళ్లు నిలిచే మా చేలల్లో పత్తేమిటి? తీరా చూస్తే వాళ్లింట్లో విత్తనాల బస్తా మీద "కాటన్ దొర సన్నాలు" అని ఉందట. ఇంగ్లీషు మీడియం పిల్లాడు కదా, కాటన్ అంటే పత్తి అనుకున్నాడు. పక్కనే ఎం.టి.యు. 1010 అని కూడా ఉంది. అదేమిటో వాళ్ల నాన్ననడిగితే, ఏళ్ల తరబడి ఆ పేర్లతోనే కొంటున్నాం గానీ ఎప్పుడూ ఆలోచించలేదు అన్నాడట.

నేను జవాబు చెప్పేయలేదు. బస్తా మీద, దానికి కుట్టిన ట్యాగు మీద ఏమేం రాసి ఉందో కాగితం మీద ఎక్కించుకుని రమ్మన్నాను. మర్నాడు తెచ్చాడు: రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ. అందులో ఒక్క వాక్యం లేదు, అన్నీ ముక్కలే. కానీ ఒక్కో ముక్కా ఏదో ఒకటి చెబుతుంది. మొలక శాతం అంటే ఏమిటో వాళ్ల నాన్న వాడికి చెప్పాడు. ఎం.టి.యు. అంటే మార్టేరు అని వ్యవసాయ పంచాంగం తిరగేస్తే తెలిసింది. మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ పుట్టిన రకాలకు ఆ మూడక్షరాలు వస్తాయి. మనం స్వర్ణ అని పిలిచే 7029 కూడా అక్కడిదే.

కాటన్ దొర కోసం చరిత్ర బీరువా దాకా వెళ్లాం. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టాడనీ, 1852కి పూర్తయిందనీ, ఇప్పుడు ఉన్నది దాని బదులు తర్వాత కట్టిన 175 గేట్ల బ్యారేజీ అనీ చదివాడు. పుస్తకం మొత్తం చదవలేదు, మూడు పేజీలు చదివాడు. ఆ మూడు పేజీలకీ వేలు పెట్టి కూడబలుక్కున్నాడు, ఎందుకంటే అందులో వాళ్ల బస్తా మీద ఉన్న మనిషి ఉన్నాడు.

ఆ ఆదివారం వాళ్ల నాన్న వాణ్ని బండి మీద గన్నవరం తీసుకెళ్లాడు. వైనతేయ గోదావరి మీదుగా కాలువ నీళ్లను దాటించడానికి 1850ల్లో కట్టిన పాత అక్విడక్టు అక్కడ ఉంది. కింద నది, పైన కాలువ. పుస్తకంలో 49 కమానులు అని ఉంది, వాడు లెక్కపెడితే 47 వచ్చాయి. "పుస్తకం తప్పు మేడమ్‌గారూ" అన్నాడు. మళ్లీ లెక్కపెట్టమన్నాను. రెండోసారి వెళ్లినప్పుడు ఒడ్డున పొదల చాటున ఉన్నవి కూడా కలిపితే సరిపోయింది. పుస్తకాన్ని అనుమానించాడు, వెళ్లి చూశాడు, తన లెక్కనే దిద్దుకున్నాడు. పరీక్షలో ఎన్ని మార్కులొచ్చినా ఆ రెండు ప్రయాణాల్లో నేర్చుకున్నది రాదు.

ఇక వాడు రాసిందేమిటంటే, తమ వీధిలో ఎవరు సార్వాకి (వానాకాలం పంటకి) ఏ రకం వేశారు, దాళ్వాకి ఏ రకం వేశారు అని ఒక పట్టిక. స్వర్ణ దగ్గర "5 నెలలు", 1010 దగ్గర "4 నెలలు" అని, దాని పక్కన "ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, అందుకే దాళ్వాకి ఇది" అని రాశాడు. "అందుకే" అన్న ఆ ఒక్క మాట చూసి నాకు కళ్లు చెమర్చాయి. రెండు విషయాలు విడివిడిగా చదివి, వాటి మధ్య ముడి తనే వేశాడు. ఆ కాగితాన్ని వాళ్ల బాబాయి సొసైటీకి వెళ్తూ జేబులో పెట్టుకెళ్లాడు. పిల్లాడు ఊరంతా చెప్పుకున్నాడు.

మీ ఇంట్లో దీనికి సమానమైనవి బోలెడు ఉంటాయి. మేత బస్తా లేబులు, పేపర్లోనో ఫోన్లోనో వచ్చే రొయ్యల ధరలు, నీటి పరీక్ష రిపోర్టు, మీరు చెరువుకి రాసుకునే పుస్తకం. 30 కౌంట్‌కి ధర ఎక్కువ, 100 కౌంట్‌కి తక్కువ. అంకె పెద్దదైతే ధర తగ్గడమేమిటని తొమ్మిదేళ్లవాడికి తప్పకుండా వింతగా ఉంటుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క అని మీరు చెప్పేయకండి. పట్టుబడి రోజున కాటా దగ్గర కూర్చోబెట్టి వాడి చేతే లెక్కపెట్టించండి. ఆ రాత్రి ధరల పట్టిక ముందు పెట్టండి, ఎలా చదువుతాడో మీరే చూస్తారు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను: చెరువు గట్టు మీదికి వాణ్ని ఒంటరిగా పంపొద్దు. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు తీగలు, లోతు నీళ్లు ఉండే చోటు అది. మీరు పక్కన ఉంటేనే.

బొమ్మలు చూసి వదిలేస్తున్నాడన్న బెంగ వదిలేయండి. ఇలాంటి పుస్తకాలు చదివే దారే అది. కథని మొదటి పేజీ నుంచి చదవాలి, మధ్యలో దూరితే అర్థం కాదు. పాముల పుస్తకాన్ని అలా చదవక్కర్లేదు. ముందు బొమ్మ, బొమ్మ కింది రెండు లైన్లు, విషయసూచిక, కావలసిన పేజీ, అంతే. మిగతా పుస్తకం వదిలేసినా నేరం కాదు. నేను శిబిరాల్లో పిల్లలకి మొదట నేర్పింది విషయసూచిక వాడటమే. "తాచుపాము గుడ్లు పెడుతుందా? ఏ పేజీలో ఉంటుందో ముందు చెప్పు" అంటే పోటీలు పడి వెతికేవారు. బొమ్మ కింది లైన్లు మీరు పైకి చదవండి. వాడు వింటూ బొమ్మలో వెతుక్కుంటాడు.

మీ వాడికి కథలు అలవాటై, ఇవి అలవాటు కాకపోవడం వాడి లోపం కాదు. చిన్న తరగతుల్లో పిల్లల చేతికొచ్చేవి ఎక్కువగా కథలు, పాటలే. ఇది మన దగ్గరే కాదు. నెల్ డ్యూక్ అనే అమెరికన్ పరిశోధకురాలు అక్కడి 20 ఒకటో తరగతి గదుల్లో కూర్చుని చూసి, సమాచారం చెప్పే పాఠ్యంతో పిల్లలు గడిపేది రోజుకి సగటున 3.6 నిమిషాలేనని 2000లో రాశారు. ఆ లోటు ఇంట్లో రోజూ ఓ పదిహేను నిమిషాలతో పూడ్చగలం.

ఇక రాయడం. మక్కీకి మక్కీ దించడం బద్ధకం వల్ల అనుకుంటాం. నాకు కనిపించింది వేరు. ఆ ప్రాజెక్టు వర్కు ఎవరూ చదవరని పిల్లలకి తెలుసు. టిక్కు పెట్టి పక్కన పడేసేదానికి సొంత మాటలెందుకు?

మా వీధిలో ఎనిమిదేళ్ల పిల్లాడొకడు కొబ్బరాకు బూర బ్రహ్మాండంగా చేస్తాడు. హైదరాబాదులో ఉన్న వాళ్ల అత్తయ్య కొడుక్కి అది ఎలా చేయాలో ఉత్తరం రాయమన్నాను. మూడు లైన్లు రాశాడు: "ఆకు తియ్యాలి. చుట్టాలి. ఊదాలి." సంక్రాంతికి ఆ బావ వచ్చినప్పుడు, కాగితం చూసి చేయమని ఆకు చేతికిచ్చాం. మా వాణ్ని పక్కన కూర్చోబెట్టి నోరు మెదపొద్దన్నాం. బావ ఈనె తీయకుండానే చుట్టాడు. ఆకు విరిగింది. ఇంకోటి తీసి వదులుగా చుట్టాడు, చేతిలోనే విడిపోయింది. మా వాడు ఉండబట్టలేక కాగితం లాక్కుని అక్కడికక్కడే దిద్దడం మొదలెట్టాడు. ముందు ఈనె ఊడదీయాలి. మొదటి చుట్టు బిగువుగా, సన్నగా ఉండాలి. తర్వాతి ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కాలి. చివర ఈనె ముక్క గుచ్చాలి. సన్న మూతిలో చిన్న ఆకు ముక్క మడిచి పెట్టాలి, లేకపోతే మోగదు. మూడు లైన్ల ఉత్తరం పదకొండు లైన్లయింది. ఏ మాస్టారూ ఎర్ర పెన్నుతో గీతలు గీయలేదు. బావ చేతిలో విరిగిన ఆకే చాలింది.

అందుకని మీ వాడి చేత రాయించేటప్పుడు అది ఎవరికి కావాలో ముందు తేల్చండి. ఊరెళ్తూ కుక్కపిల్లని పక్కింటివాళ్లకి అప్పగిస్తున్నారా? ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో వాణ్నే రాయమనండి. మీ చెరువు దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే పళ్లెం) ఎలా చూడాలో చెప్పాలా? మీరు చెబుతుంటే వాడు రాయనీ. కాగితం కోసం నోటుబుక్కులు కొనక్కర్లేదు. నెల మారగానే చింపేసే పెద్ద క్యాలెండర్ కాగితం వెనక తెల్లగా ఉంటుంది. నోటుబుక్కు చూస్తే పిల్లలకి హోంవర్కు గుర్తొస్తుంది. క్యాలెండర్ కాగితం నేల మీద పరిస్తే బోర్లా పడుకుని బొమ్మలు వేస్తూ, బాణం గుర్తులు పెడుతూ రాస్తారు.

పుస్తకంలోంచి ఏదైనా రాయాల్సి వస్తే ఒక పద్ధతి ఉంది. చదవాలి, పుస్తకం మూసేయాలి, ఇంట్లో ఆ విషయం తెలియని మనిషికి నోటితో చెప్పాలి, ఆ తర్వాతే రాయాలి. మామ్మకి చెబితే మరీ మంచిది. ఆవిడ తప్పకుండా అడ్డు ప్రశ్నలు వేస్తుంది. జవాబు రాకపోతే వాడే మళ్లీ పుస్తకం తెరుస్తాడు. మామ్మకి చెప్పిన మాటలే కాగితం మీదికి వస్తాయి, పుస్తకం మాటలు రావు.

2022 జూలై వరదలప్పటి సంగతి ఒకటి చెప్పాలి. మాకు తెలిసిన ఆరో తరగతి అమ్మాయి వాళ్ల ఇల్లు లంకలో ఉంది. వరద పెరుగుతోందని భయంతో పిల్ల నిద్రపోవడం లేదని వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఒక పుస్తకం తీసి పేజీకి రెండు గడులు గీయించమన్నాను: చూసింది, విన్నది. గడప దగ్గర నుంచుని, నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో గంట గంటకీ రాయడం "చూసింది". మెట్టు మీద బొగ్గుతో గీత వాళ్ల నాన్న గీసేవాడు, టైము ఈ పిల్ల రాసేది. టీవీలో చెప్పే భద్రాచలం నీటిమట్టం, ధవళేశ్వరం హెచ్చరికలు "విన్నది". భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడాది 71.3 అడుగుల దాకా వెళ్లింది. అక్కడ పెరిగిన నీరు తమ మెట్టు దగ్గరికి ఎన్ని గంటలకు వస్తోందో ఆ పిల్ల తన పుస్తకంలోంచే పట్టుకుంది. మధ్యలో ఫలానా చోట గట్టు తెగిపోయిందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇంట్లో అందరూ కంగారు పడుతుంటే "అది విన్నది గడిలో రాశాను, ఎవరు చూశారో ఇంకా రాయలేదు" అందట. కాసేపటికి అది అబద్ధమని తేలింది.

నీళ్లు ఏడో మెట్టు ఎక్కాక వాళ్లు పునరావాస కేంద్రానికి వెళ్లిపోయారు. అక్కడ వాళ్ల మామ్మని కూర్చోబెట్టి 1986 వరద గురించి అడిగి రాసుకుంది. భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చిన వరద అది. మామ్మకి అడుగులు తెలియవు. నీళ్లు రామాలయం అరుగు దాటాయని, గేదెల పలుపులు కోసి వదిలేశామని చెప్పింది. అదీ విన్నది గడిలోకే వెళ్లింది, పక్కన "మామ్మ చూసింది" అని రాసి. చూసిందీ విన్నదీ వేరుచేయడం డిగ్రీ చదివినవాళ్లకే రావడం లేదు. పదకొండేళ్ల పిల్లకి ఒక నిలువు గీతతో వచ్చింది.

మీ వాడు యూట్యూబ్ చూసినా ఇదే గీత వాడండి. వీడియో వద్దని గొడవ పడకండి. మధ్యలో ఆపి, "ఇది వాళ్లకెలా తెలుసు?" అని ఒక్కసారి అడగండి. మీకూ తెలియకపోతే "నాకూ తెలియదు, చూద్దాం" అనండి. నాన్న నోట ఆ మాట వినడం పిల్లలకి ఎంత ధైర్యమో!

భాష సంగతి. ఇంగ్లీషు మీడియం పిల్లలకి తెలుగు పుస్తకంలో "కిరణజన్య సంయోగక్రియ" చూస్తే టెన్షన్, ఇంగ్లీషు పుస్తకంలో పొడుగు వాక్యం చూస్తే టెన్షన్. ఏ భాషలో చదివినా ఇంట్లో తెలుగులో మాట్లాడుకోండి. రాసేటప్పుడు రెండూ కలిపేస్తే కలపనివ్వండి, కొన్నాళ్లకి విడిపోతాయి. పెద్ద మాటని విరిచి చూపించండి: కిరణం, జన్యం, సంయోగం. వెలుగు వల్ల పుట్టే కలయిక. మొదటి చిత్తులో అక్షర దోషాలు దిద్దకండి. చెప్పిన విషయం అర్థమైందా లేదా, అది మాత్రం చెప్పండి. మంచి ప్రతి రాసేటప్పుడు వాడే అడుగుతాడు.

ఆరు నెలల తర్వాత పుస్తకాలు కొనాలనిపిస్తే నేషనల్ బుక్ ట్రస్ట్, జన విజ్ఞాన వేదిక, మంచి పుస్తకం ప్రచురణలు చూడండి, తక్కువ ధరకి వస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగువి ఉచితంగా చదువుకోవచ్చు, కథలు కానివీ ఉంటాయి. కొనకముందు మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. మనం కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు ఉంది, ఆ బీరువాలు మీవే. పుస్తకం మీరు ఎంచొద్దు, వాణ్ని తీసుకోనివ్వండి. జీవిత చరిత్రలు కూడా చూపించండి. కథ ఇష్టపడే పిల్లలకి అది సులువైన దారి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో మీ భీమవరంలోనే పుట్టారు, మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. అమెరికా వెళ్లి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టినవారిలో ఒకరయ్యారు. మన ఊరివాడంటే పిల్లలు ఒక పేజీ ఎక్కువ చదువుతారు.

రెండు జాగ్రత్తలు. కథలు మాన్పించి వీటిని పెట్టకండి. కథల వల్లే వాడికి పుస్తకమంటే భయం పోయింది, అది కాపాడుకోవాలి. రెండోది, ఎంత ఇష్టమైన విషయమైనా అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టంగా ఉంటే, ముందు కళ్లు పరీక్ష చేయించండి. మా లైబ్రరీలో పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకునే పిల్లాణ్ని రెండేళ్లు మొద్దు అన్నారు. కళ్లజోడు పెట్టాక నెల తిరక్కుండా బీరువా దగ్గర నుంచి కదలలేదు. కళ్లు బాగానే ఉండి, అక్షరాలు తారుమారవుతుంటే పిల్లల డాక్టర్ని అడగండి, తిట్టకండి.

ఈ ఆదివారం పట్టుబడి ఉంటే కాటా దగ్గర నుంచే మొదలుపెట్టండి, లేకపోతే మేత బస్తా చాలు. వాడు ఏ ప్రశ్న పట్టుకున్నాడో ఇక్కడ రాయండి. దానికి సరిపోయే పుస్తకం ఏదో, తెలుగులో ఉందో లేదో నేను వెతికి చెబుతాను.